టక్‌మన్న తర్వాత

(ఎండాకాలం ఆటల శిబిరాలు మొదలయ్యే ముందు, హైదరాబాద్ విద్యానగర్‌లోని ఒక కాలనీ హాల్లో వ్యాయామ ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను ఉద్దేశించి, భుజం జారడం గురించి ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న సార్లకు వినిపిస్తోందా? ఫ్యాన్ చప్పుడు కొంచెం ఎక్కువగా ఉంది కానీ ఈ ఎండలో దాన్ని ఆపమనే ధైర్యం నాకు లేదు.

ముందు ఒక చిన్న పని చేద్దాం. అందరూ కుడి చెయ్యి పైకెత్తండి. అట్లాగే తల వెనక్కి తీసుకెళ్లి మెడ మీద పెట్టండి. ఇప్పుడు దించి నడుము వెనక పెట్టండి. బాగుంది. ఇదంతా ఇప్పుడు కాలితో చేయండి చూద్దాం. (నవ్వులు) కాదు గదా! తొడ ఎముక తుంటిలో లోతుగా దిగి ఉంటుంది. అందుకే కాలు మన బరువంతా మోస్తుంది, కానీ చెయ్యి తిరిగినట్టు తిరగదు. భుజం అట్లా కాదు. చేతి ఎముక పైన ఉండే గుండు పెద్దది. అది ఆనుకునే గిన్నె చిన్నది, పైగా దానికి లోతు లేదు. మా కాలేజీలో దీన్ని గోల్ఫ్ బంతితో పోల్చి చెప్పేవాళ్లు. నేను గోల్ఫ్ ఎప్పుడూ చూడలేదు. నాకు అర్థమైన లెక్క వేరు. టీ సాసర్‌ను నిలువుగా పట్టుకుని దానికి ఒక బత్తాయిని ఆనించండి. అదీ భుజం. ఏ క్షణంలో చూసినా ఆ గుండులో మూడో వంతుకు మించి గిన్నెకు ఆనుకుని ఉండదు.

మరి ఆ బత్తాయి రోజంతా ఎందుకు పడిపోవడం లేదు? గిన్నె అంచు చుట్టూ ఒక మెత్తటి పట్టీ ఉంటుంది. లేబ్రమ్ అంటారు. మనం మాత్రం కుక్కర్ గ్యాస్కెట్ అనుకుందాం, అమ్మలకు తొందరగా తెలుస్తుంది. అది లోతు లేని గిన్నెకు కొంత లోతు తెస్తుంది, లోపల గాలి దూరకుండా పట్టి ఉంచుతుంది. దానికి అతుక్కుని ముందువైపు గట్టి నరాల్లాంటి బంధాలు ఉంటాయి. వీటన్నిటి పైన నాలుగు కండరాలు, రొటేటర్ కఫ్ అనేవి, గుండును నాలుగు దిక్కుల నుంచి గిన్నెలోకి అదిమి పట్టుకుంటాయి. ఎముక ఇవ్వని గట్టితనాన్ని మెత్తటి వస్తువులు ఇస్తున్నాయన్న మాట. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, చివరిదాకా దీంతోనే పని.

ఆ గుండు గిన్నెలోంచి బయటికి వచ్చేస్తే, దాన్ని మన దగ్గర గూడ జారిందంటారు, కీలు తప్పిందంటారు, భుజం ఊడిందంటారు. ఆసుపత్రి చీటీ మీద షోల్డర్ డిస్‌లొకేషన్ అని రాస్తారు. ఒంట్లో పెద్ద కీళ్లన్నిటిలోకీ ఎక్కువగా జారేది ఇదే. అందులోనూ నూటికి తొంభై అయిదు ముందుకే జారతాయి. ఎప్పుడంటే, చెయ్యి పక్కకు లేచి, వెనక్కి తిరిగి ఉన్నప్పుడు. క్రికెట్‌లో బౌండరీ దగ్గర్నుంచి బంతి విసరబోయే పిల్లాణ్ని గుర్తు తెచ్చుకోండి. కబడ్డీలో గీత అందుకోబోతుంటే చెయ్యి పట్టి వెనక్కి లాగిన రైడర్‌ను గుర్తు తెచ్చుకోండి. ఆటలే అక్కర్లేదు. సిటీ బస్సులో పైన కడ్డీ పట్టుకుని వేలాడేవాళ్లందరి చెయ్యీ సుమారుగా అదే భంగిమలో ఉంటుంది. డ్రైవర్ బ్రేకు వేయాలంతే.

ఇక నా సంగతి.

2003లో నేను ఇంటర్ రెండో సంవత్సరం. వాలీబాల్ పిచ్చి. ఒక మ్యాచ్‌లో బ్లాక్ కోసం ఎగిరాను. అవతలి అమ్మాయి కొట్టిన స్మాష్ నా చేతికి తగిలి చెయ్యి వెనక్కి విరుచుకుపోయింది. దిగేటప్పుడు ఆ చేతి మీదే పడ్డాను. ఆ నొప్పి గురించి ఎక్కువ చెప్పను, ఇక్కడ కొందరికి తెలిసే ఉంటుంది. భుజం గుండ్రంగా ఉండాల్సిన చోట బల్ల మూలలాగా పలకగా ఉంది. దాని కింద వేలు పెడితే గుంట. ముందువైపు, కాలర్ ఎముక కింద ఏదో ఉబ్బుగా తగులుతోంది. చెయ్యి ఒంటికి ఆనడం లేదు, కొంచెం ఎడంగా గాల్లో ఉండిపోయింది. దాన్ని ఎడమ చేత్తో పట్టుకుని కూర్చున్నాను.

మా సీనియర్ ఒకామె ఉంది. వాళ్ల అన్నకు ఒకసారి ఎవరో ఎక్కించగా చూసిందట. నన్ను పడుకోబెట్టి, షూ విప్పి, చంకలో మడమ పెట్టి చెయ్యి లాగింది. టక్‌మంది.

ఆ టక్ గురించే నేనివాళ మాట్లాడదామని వచ్చాను. అప్పటిదాకా ఉన్న నొప్పి ఒక్క క్షణంలో మాయమైపోతుంది. నాకు ఇద్దరు పిల్లలు. కాన్పు అయ్యాక వచ్చిన హాయి కూడా దీని తర్వాతే. (నవ్వులు) నేను లేచి నవ్వాను, నీళ్లు తాగాను, సెట్ అయిపోయేదాకా బెంచీ మీద కూర్చుని చప్పట్లు కొట్టాను, రెండు చేతులతో. మమ్మల్నందరినీ ముంచేది ఆ హాయే. నొప్పి పోయింది కాబట్టి జబ్బు పోయిందనుకుంటాం. బత్తాయి సాసర్‌లోకి వచ్చింది నిజమే. కానీ పోయేటప్పుడు అది గ్యాస్కెట్‌ను చింపుకుని పోయింది, ముందున్న బంధాలను సాగదీసింది. తిరిగి వచ్చేటప్పుడు వాటిని కుట్టుకుని రాలేదు గదా!

ఇంట్లో నాయనమ్మ నూనె రాసి మర్దన చేసింది. "ఎక్కింది గదా బిడ్డా, ఇంకేం భయం లేదు" అంది. నాన్న టవల్‌తో చెయ్యి మెడకు కట్టారు. మూడో రోజున తీసేశాను, ఎందుకంటే జడ వేసుకోవడం రావడం లేదు. నాలుగో వారం గ్రౌండ్‌లో ఉన్నాను. ఎక్స్‌రే తీయలేదు. డాక్టర్‌కు చూపించలేదు. ఎనిమిది నెలల తర్వాత నారాయణగూడ దగ్గర బస్సులో కడ్డీ పట్టుకుని ఉండగా బ్రేకు పడింది, రెండోసారి జారింది. మూడోసారి నిద్రలో. తల కింద చెయ్యి పెట్టుకుని పడుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నిద్రలో పక్కకు తిరిగాను, అంతే. నాలుగోది అటక మీది పెట్టె దించుతుంటే. తర్వాత లెక్క ఉంది కానీ చెప్పను, మా అమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుంది. 2007లో ఆపరేషన్ అయ్యేదాకా నేను చెయ్యెత్తి ఆటో ఆపడానికి కూడా భయపడేదాన్ని. మనిషి తన చేతిని తానే నమ్మలేకపోవడం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. బహుశా ఈ వృత్తిలోకి అందుకే వచ్చాను.

సరే, ఇప్పుడు సార్లకు కావలసిన విషయం. గ్రౌండ్‌లో పిల్లాడికి భుజం జారింది. మీరేం చేయాలి?

లాగొద్దు. ఎవరినీ లాగనివ్వొద్దు. మా సీనియర్ లాగితే నాకేమీ కాలేదు గదా అంటారు. నా అదృష్టం. గుండుతో పాటు ఎముక మెడ దగ్గర చిట్లి ఉంటే, మీరు లాగగానే అది రెండు ముక్కలవుతుంది. చంక కిందుగా చేతికి పోయే పెద్ద రక్తనాళం ఉంది, నరాలు ఉన్నాయి. జారిన గుండు వాటి పక్కనే కూర్చుని ఉంటుంది. పైనుంచి చూస్తే విరిగిందో జారిందో రెండూ జరిగాయో మీకూ నాకూ తెలియదు. ఎక్స్‌రేకే తెలుస్తుంది.

చెయ్యి ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలోనే ఉంచండి. బలవంతంగా ఒంటికి ఆనించొద్దు. చేతికీ ఛాతీకీ మధ్య ఉన్న ఖాళీలో చిన్న దిండో, మడతపెట్టిన టవలో, పిల్లల స్వెట్టరో పెట్టండి. పైన చున్నీతో ఆసరా ఇవ్వండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి, చెయ్యి వాస్తే తర్వాత రావు. గుడ్డలో చుట్టిన ఐస్ పది పదిహేను నిమిషాలు పెట్టొచ్చు. వేళ్లు కదులుతున్నాయా, స్పర్శ ఉందా, చల్లబడి పాలిపోయాయా అని చూడండి. వేళ్లు చల్లబడినా మొద్దుబారినా అది ఇంకా తొందరపడాల్సిన కేసు, 108కి చెప్పేటప్పుడే ఆ మాట చెప్పండి.

ఇంకొకటి, ఇది అందరూ చేసే తప్పు. పిల్లాడు పాలిపోయాడని గ్లూకోజ్ నీళ్లు, టీ, బిస్కెట్లు పెడతారు. పెట్టొద్దు. ఆసుపత్రిలో మత్తు ఇవ్వాల్సి రావచ్చు, కడుపులో ఏదైనా ఉంటే దానికోసం ఆగాలి. బైక్ వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లొద్దు. మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. కారైనా ఆటో అయినా ఫరవాలేదు, నెమ్మదిగా పోనివ్వండి. గాంధీలో, ఉస్మానియాలో అర్ధరాత్రి అయినా క్యాజువాలిటీ తెరిచే ఉంటుంది. మీ దగ్గర్లో ఎముకల డాక్టర్, ఎక్స్‌రే రెండూ ఉన్న చోటు ఎక్కడుందో శిబిరం మొదలుకాకముందే కనుక్కుని పెట్టుకోండి. గంటలు గడిచేకొద్దీ కండరాలు బిగుసుకుపోతాయి, ఎక్కించడం కష్టమవుతుంది. వారాలు గడిస్తే మత్తు ఇచ్చినా ఎక్కకపోవచ్చు, కోసి పెట్టాల్సి వస్తుంది.

ఎక్కించడం అంటే గుర్తొచ్చింది. ఇది చాలా పాత విద్య. ఈజిప్టులో సుమారు 3200 ఏళ్ల కిందటి ఒక సమాధి గోడ మీద, పని స్థలంలో పడిపోయిన కూలీకి భుజం ఎక్కిస్తున్నట్టున్న బొమ్మ ఉంది. గ్రీకు వైద్యుడు హిప్పొక్రాటిస్ పేరు మీద ఉన్న పద్ధతే మా సీనియర్ నా మీద చేసింది, చంకలో మడమ పెట్టడం. ఆయన రచనల్లోనే మళ్లీ మళ్లీ జారే భుజానికి చంకలో ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టమని కూడా ఉంది. ఆ మచ్చ గట్టిపడితే గుండు బయటికి రాదని ఆయన ఆలోచన. మన సుశ్రుతుడేమన్నాడో తెలుసా? భుజం కీలు తప్పితే చంకను రోకలితో పైకి లేపాలి, కీలు చోటులో కూర్చున్నాక స్వస్తికం ఆకారంలో కట్టు కట్టాలి అన్నాడు. దయచేసి ఇంటికెళ్లి రోకలి వెతక్కండి. (నవ్వులు) నాకు అందులో నచ్చింది రోకలి కాదు, రెండో మాట. కూర్చోబెట్టడంతో ఆయన ఆగలేదు, ఆ తర్వాత కట్టు సంగతి కూడా వెంటనే చెప్పాడు.

1870లో స్విట్జర్లాండ్‌కు చెందిన కోకర్ అనే సర్జన్ లాగడానికి బదులు చేతిని మెల్లగా తిప్పి ఎక్కించే పద్ధతి రాశాడు. ఆయనకే తర్వాత 1909లో నోబెల్ వచ్చింది, భుజానికి కాదు, థైరాయిడ్ మీద చేసిన పనికి. ఇప్పుడైతే పద్ధతులు ఇరవైకి పైనే ఉన్నాయి. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి చేతికి బరువు వేలాడదీసేది ఒకటి. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, మాటలు చెబుతూ భుజం మీది కండరాలను మెల్లగా నొక్కుతూ ఉండేది ఇంకొకటి. దీన్ని ఆస్ట్రేలియా డాక్టర్ కన్నింగ్‌హామ్ పేరుతో పిలుస్తారు. సరిగ్గా కుదిరితే మత్తు అక్కర్లేకుండానే గుండు జారి లోపలికి పోతుంది.

వీటన్నిటిలో ఉన్న కిటుకు ఒకటే. గుండును బయట పట్టి ఉంచుతున్నది బిగుసుకున్న కండరాలు. మీరు బలంగా లాగితే అవి ఇంకా బలంగా లాగుతాయి. స్కూలు గేటు దగ్గర మొండికేసిన యూకేజీ పిల్లాణ్ని చూశారు గదా. చెయ్యి పట్టి ఈడిస్తే గేటు ఊచలు పట్టుకుంటాడు. పక్కన కూర్చుని నాలుగు మాటలు చెబితే తానే లోపలికి నడుస్తాడు. మంచి డాక్టర్ భుజం ఎక్కిస్తుంటే చూడ్డానికి ఏమీ జరగనట్టే ఉంటుంది. పక్కన ఉన్నవాళ్లు "ఇంతేనా, దీనికింత బిల్లా" అంటారు. (నవ్వులు) ఆ బిల్లు గురించి నన్ను అడక్కండి.

ఎక్కించే ముందూ తర్వాతా డాక్టర్ ఒక చోట వేలితో తాకి, తెలుస్తోందా అని అడుగుతారు. ఎన్‌సీసీ పిల్లలు చొక్కా చేతి మీద బ్యాడ్జి కుట్టుకునే చోటు, అదే. అక్కడ మొద్దుబారితే భుజం చుట్టూ తిరిగే నరం, యాక్సిలరీ నర్వ్, సాగిందని గుర్తు. ఎక్కువ మందికి వారాల్లోనో కొన్ని నెలల్లోనో అదే తిరిగి వస్తుంది. కంగారు పడక్కర్లేదు, కానీ చీటీ మీద రాయించుకోండి. ఎక్కించాక ఇంకో ఎక్స్‌రే తీస్తారు. డబ్బు గుంజడానికి కాదది. సరిగ్గా కూర్చుందా, ఎక్కడైనా ముక్క లేచిందా అని చూడ్డానికి.

ఇక్కడ కొంచెం పక్కకు పోతాను. ముందుకు జారడం అందరికీ కనిపిస్తుంది. వెనక్కి జారడం డాక్టర్లకు కూడా ఒక్కోసారి కనిపించదు. అది అరుదు. ఫిట్స్ వచ్చినప్పుడు, కరెంటు షాక్ కొట్టినప్పుడు ఒంట్లో కండరాలన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. వాటిలో బలమైనవి గుండును వెనక్కి తోసేస్తాయి. ముందు నుంచి తీసిన ఎక్స్‌రేలో అంతా మామూలుగానే ఉన్నట్టుంటుంది. తెలిసిన కన్నుకు మాత్రం గుండు కరెంటు బల్బులాగా కనిపిస్తుంది. పక్క నుంచి కూడా తీస్తేనే బయటపడుతుంది. నా దగ్గరికి ఒకాయన భుజం పట్టేసిందని వ్యాయామాల కోసం వచ్చారు. చెయ్యి లోపలికి తిరిగి ఉండిపోయింది, మోచెయ్యి ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పమంటే అస్సలు తిరగడం లేదు. కదిపి చూసి నేను వ్యాయామం మొదలుపెట్టలేదు, స్కాన్‌కు పంపాను. ఫిట్స్ వచ్చి రెండు నెలలైంది, భుజం అప్పటి నుంచీ వెనక్కి జారే ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా ఫిట్సో షాకో వచ్చాక చెయ్యి బయటికి తిరక్కపోతే, నొప్పి మాత్రతో సరిపెట్టకండి.

సరే, వెనక్కి వద్దాం. టక్‌మన్న తర్వాత ఏం చేయాలి?

చిన్నవాళ్లకు రెండు మూడు వారాలు స్లింగ్, అంటే చేతిని మెడకు వేలాడదీసే కట్టు. పెద్దవాళ్లకు అంతకంటే తక్కువ, ఒక వారం పది రోజులు, ఎందుకంటే వాళ్ల భుజం తొందరగా పట్టేస్తుంది. ఎక్కువ రోజులు కడితే ఎక్కువ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. ఆరు వారాలు కట్టినంత మాత్రాన మళ్లీ జారడం తగ్గదు, కండరాలు మాత్రం కరిగిపోతాయి. స్లింగ్‌లో ఉన్నప్పుడు కూడా వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మొదటి రోజు నుంచే కదిలిస్తూ ఉండాలి.

డాక్టర్లు చెప్పడం మర్చిపోయేవి, నాకు మాత్రం మర్చిపోలేనివి కొన్ని చెబుతాను. పడుకోవడం. వెల్లకిలా చదునుగా పడుకుంటే భుజం వెనక్కి వాలి నొప్పి పుడుతుంది. వీపు కింద రెండు దిళ్లు, మోచేతి కింద ఒక దిండు పెట్టుకుని సగం కూర్చున్నట్టు పడుకోండి. స్నానం. మే నెలలో స్లింగ్ వేసుకుంటే చంక పాచిపోతుంది, పొక్కులొస్తాయి. స్లింగ్ తీసి, ముందుకు వంగి, చెయ్యిని దాని బరువుకే కిందికి వేలాడనివ్వండి. చంక తెరుచుకుంటుంది. అప్పుడు కడిగి, తుడిచి, పొడిగా ఉంచండి. చెయ్యిని పక్కకు ఎత్తి కడగొద్దు. బట్టలు. వేసుకునేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. ముందువైపు గుండీలున్నవే వేసుకోండి. టీ షర్టు తలమీంచి తీయబోయి రెండోసారి జారినవాళ్లను నేను చూశాను.

స్లింగ్ తీశాక అసలు పని. వంగి చెయ్యిని గడియారం లోలకంలాగా ఊపడంతో మొదలవుతుంది. తర్వాత గోడ పక్కన నిలబడి, చెయ్యి కదలకుండా గోడను పిడికిలితో ముందుకు, పక్కకు, వెనక్కి నొక్కడం. కీలు కదలదు, కండరం మాత్రం పని చేస్తుంది. మొదటి ఆరు వారాలు ఆ భంగిమ, అదే బంతి విసిరే భంగిమ, దాని జోలికి పోకూడదు. ఆ తర్వాత రబ్బరు బ్యాండ్లు, మోచెయ్యి ఒంటికి ఆనించి లోపలికి, బయటికి. వీపు మీది రెక్క ఎముకను పట్టి ఉంచే కండరాలు కూడా ముఖ్యం. సాసర్ పట్టుకున్న చెయ్యి వణుకుతుంటే బత్తాయి ఏం నిలుస్తుంది? మూడు నెలల దాకా ఇదే పని. బోరు కొడుతుంది. నిజంగా బోరు కొడుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది అయిదో వారంలో మానేస్తారు. ఎందుకంటే అప్పటికి నొప్పి ఉండదు, రోజువారీ పనులన్నీ జరుగుతుంటాయి. మళ్లీ అదే హాయి, మళ్లీ అదే మోసం. జీతం వచ్చిన వారంలో అప్పులేమీ లేవనుకోవడం లాంటిదది.

మళ్లీ జారడమనేది వయసును బట్టి ఉంటుంది. ఇరవై లోపు మొదటిసారి జారిన పిల్లలకు, ముఖ్యంగా ఒకరినొకరు గుద్దుకునే ఆటలు ఆడేవాళ్లకు, సగానికి పైగా మళ్లీ జారుతుంది. నలభై దాటాక జారితే మళ్లీ జారేది పదిలో ఒకరిద్దరికే. అయితే పెద్దవాళ్లకు ఇంకో చిక్కుంది. వాళ్లకు గ్యాస్కెట్ కంటే పైనున్న రొటేటర్ కఫ్ చిరుగుతుంది. బాత్రూంలో జారిపడ్డ అరవై ఏళ్ల అమ్మకు భుజం ఎక్కించారు, నొప్పి తగ్గింది, రెండు వారాలైనా చెయ్యి పైకి లేవడం లేదు. "వయసైపోయింది గదా, నెమ్మదిగా వస్తుందిలే" అంటారు ఇంట్లో. రాదు. ఎంఆర్‌ఐ కానీ అల్ట్రాసౌండ్ కానీ చేయించండి. షుగర్ ఉన్నవాళ్లయితే భుజం పట్టేసే ప్రమాదం మరీ ఎక్కువ, మన ఊళ్లో షుగర్ లేని ఇల్లు ఎక్కడుంది చెప్పండి.

ఆపరేషన్ గురించి రెండు మాటలు. 1923లో లండన్‌లో బ్యాంకార్ట్ అనే సర్జన్, భుజం మళ్లీ మళ్లీ జారడానికి అసలు కారణం ముందువైపు గ్యాస్కెట్ ఎముక నుంచి ఊడిపోవడమేనని రాశాడు. ఇప్పటికీ దాన్ని బ్యాంకార్ట్ గాయం అనే అంటారు. 1940లో హిల్, శాక్స్ అనే ఇద్దరు ఎక్స్‌రే డాక్టర్లు రెండో వైపు చెప్పారు. గుండు జారినప్పుడు దాని వెనక భాగం గిన్నె గట్టి అంచుకు కొట్టుకుని సొట్ట పడుతుంది. జారినకొద్దీ ఆ సొట్ట పెరుగుతుంది, గిన్నె అంచు అరుగుతుంది. సొట్ట పడ్డ బత్తాయిని అంచు అరిగిన సాసర్ మీద నిలబెట్టడం ఎట్లా? అందుకే ఎన్నిసార్లు జారితే ఏముంది, నేనే ఎక్కించుకుంటాను అనే హీరోలంటే నాకు భయం.

గ్యాస్కెట్ మాత్రమే ఊడితే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి, దాన్ని తిరిగి ఎముకకు కుడతారు. ఎముక బాగా అరిగిపోయి ఉంటే కుట్టు నిలవదు. పక్కనున్న కోరకాయిడ్ ఎముక కొసను కోసి తెచ్చి, గిన్నె ముందు అంచుకు స్క్రూలతో బిగిస్తారు. 1954లో ఫ్రాన్స్‌కు చెందిన లాటర్జే చెప్పిన పద్ధతి ఇది. ప్రహరీ గోడ కూలితే ఇంట్లోంచి బండ తెచ్చి పెట్టినట్టు. మొదటిసారి జారినవాళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. పద్దెనిమిదేళ్ల కబడ్డీ ఆటగాడికైతే మొదటిసారికే మాట్లాడాల్సిందే. యాభై ఏళ్ల గుమాస్తా గారికి తొందర లేదు. ఏ ఆపరేషన్ అయినా ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాల స్లింగ్, ఆరు నెలల దాకా గుద్దుకునే ఆటలు లేవు. నాది ఓపెన్ ఆపరేషన్, ముందువైపు ఇంత గీత ఉంది. ఆరు వారాలు మా అమ్మే జడ వేసింది. వంక పెట్టాను కూడా, పాపిట సరిగ్గా తీయలేదని. (నవ్వులు) క్షమించమ్మా.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: మా రోజుల్లో పుత్తూరు కట్టుతోనే అన్నీ నయమయ్యేవి కదమ్మా?)

మంచి ప్రశ్న సార్. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ, ఇవి కదలకుండా పట్టి ఉంచుతాయి. విరిగి, పక్కకు జరగని ఎముకకు కావలసింది కదలకుండా ఉండటమే కాబట్టి చాలామందికి అతికింది. దాన్ని నేను వెక్కిరించను. కానీ జారిన భుజానికి ముందు కావలసింది లోపల ఏముందో చూడటం. కట్టు కట్టే చేతికి ఎంత అనుభవం ఉన్నా కళ్లకు ఎక్స్‌రే లేదు. ఇంకో సంగతి, మా బస్తీలో ఒకాయన నాలుగోసారి నాకు చాలా చక్కగా ఎక్కించాడు. మర్నాడు రా అనలేదు, వ్యాయామం చెప్పలేదు, ఇన్నిసార్లు ఎందుకు జారుతోందని అడగలేదు. నేను వెళ్లిన ఒక ఆసుపత్రిలోనూ అంతే. ఎక్కించి, మాత్రలు రాసి పంపేశారు. తప్పు ఎవరో ఒకరిది మాత్రమే అనలేను.

(ఒక తల్లి: మా బాబు భుజానికి బెల్టు కొన్నాం మేడమ్. అది వేసుకుంటే ఆడొచ్చా?)

బెల్టు చెయ్యి మరీ పైకి పోకుండా గుర్తు చేస్తుందమ్మా. గుండును పట్టి ఉంచేది బెల్టు కాదు, లోపలి నాలుగు కండరాలు. అవి బలపడకుండా బెల్టు పెట్టి ఆడించడమంటే, హెల్మెట్ ఉంది గదా అని బ్రేకుల్లేని బండి ఇచ్చినట్టే. బాబుకు ఎన్నో వారం? అయిదా? ఇంకా ఆగాలమ్మా.

(ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు: ఎప్పుడు ఆడించాలో మాకెట్లా తెలుస్తుంది?)

క్యాలెండర్ చూసి ఆడించకండి సార్. మూడు నాలుగు నెలలు అనేది అందాజు లెక్క. రెండు చేతులూ ఒకేలా పైకి, బయటికి తిరుగుతున్నాయా? బలం బాగున్న చేతికి దగ్గరగా వచ్చిందా? ముఖ్యంగా, చెయ్యిని పక్కకు ఎత్తి మెల్లగా వెనక్కి తిప్పుతుంటే పిల్లాడి ముఖం చూడండి. జారుతుందేమోనని ముఖం బిగబట్టి, మీ చెయ్యి పట్టుకుని ఆపితే, నొప్పి లేకపోయినా సరే, ఇంకా సిద్ధం కాలేదు. ఆ భయం భుజానికి తెలిసే వస్తుంది. ఇంకోటి, బొటనవేలును వంచి ముంజేతికి ఆనించే పిల్లలుంటారు, అన్ని కీళ్లూ వదులుగా ఉండేవాళ్లు. భుజం తీసి పెట్టి స్నేహితులకు చూపిస్తుంటారు కొందరు. అట్లాంటివాళ్లు కనిపిస్తే ఆ ఆట మాన్పించి, వ్యాయామాలు ముందే మొదలుపెట్టించండి.

ఇక టైమైంది అంటున్నారు. వెళ్లేముందు చున్నీతో స్లింగ్ కట్టడం ఒకసారి చూపిస్తాను, ఇది చేత్తో చేస్తేనే వస్తుంది. ఎవరైనా ఒకమ్మాయి ముందుకు రా. నీ చున్నీ ఇవ్వు. దీన్ని మూలకు మూల మడిచి త్రికోణం చేస్తున్నాను. సార్, మీరు ఇటు రండి, మీరు కడుదురు గానీ. కుర్చీలో కూర్చో అమ్మా. చేతికీ ఒంటికీ మధ్య ఈ టవల్ పెట్టాం. చున్నీ ఒక కొస చేతి కింది నుంచి లోపలికి, ఇంకో కొస పైకి. మోచెయ్యి దగ్గర మూలను మడిచి పిన్ను పెట్టండి, లేకపోతే వెనక్కి జారిపోతుంది. అరచెయ్యి మోచేతి కంటే కొంచెం పైకి ఉండాలి. ముడి మెడ వెనక ఎముక మీద పడనివ్వొద్దు సార్, కొంచెం పక్కకు, ఆ, అట్లా. ఇప్పుడు వేళ్లు కదిలించమ్మా.